సూరమ్మత్త ఇంట్లో లేని పిల్లి

మా చిన్నప్పుడు... అన్నాలయ్యాక వీధి ఆడవాళ్ళంతా మా అరుగు మీద చేరి లేసు అల్లేవారు. మాది నరసాపురం పక్క పల్లె... లేసు సూది లేని ఇల్లుండేది కాదు.

ఆ ఏడు మా అక్క ప్రాణస్నేహితురాలు జ్వరంతో పోయింది. అక్క మాట మానేసింది... గోడవైపు తిరిగి పడుకునేది. అమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఎదురింటి సూరమ్మత్త చిక్కుపడ్డ దారపు ఉండ తెచ్చింది.

"ఒసే లక్ష్మీ, మా పిల్లి చేసిన నిర్వాకం చూడవే. నా కళ్ళకి ఆనట్లేదు, కాస్త విప్పి పెట్టు. ఇక్కడ చీకటి, అరుగు మీదకి రా."

ఏమైందని అడగలేదు... ఊరుకోమనలేదు... అక్క చిక్కు విప్పుతుంటే పక్కన తన లేసు తాను అల్లుకుంది. మర్నాడు ఇంకొకావిడ... ఆ తర్వాత మరొకావిడ. అందరి దారమూ పిల్లే లాగేసింది.

కొన్నాళ్ళకి అక్క తలెత్తి, "అత్తా, మీ ఇంట్లో అసలు పిల్లే లేదు కదా" అంది.

అరుగంతా ఘొల్లున నవ్వింది. అమ్మ వంటింట్లోకెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే... ఈ మధ్య మా చిన్నమ్మాయి హాస్టల్ నుంచి అలాగే వచ్చిందండి. చదువు నలిపేసిందో, ఇంకేదో... గది తలుపు వేసుకుంది. డాక్టరు గారు మందులు రాసి, "నలుగురి మధ్యా ఉంచండి" అన్నారు. బయటికే రాని పిల్లని ఎలా ఉంచను...

వీధిలో ఎవరికీ చెప్పుకోలేదు. అయినా ఓ సాయంత్రం సూరమ్మత్త కోడలు సత్యవతి వదిన చిక్కుదారంతో గుమ్మంలో నిలబడింది.

"అమ్మాయ్, మా పిల్లి లాగేసిందే, ఇలా వచ్చి కాస్త విప్పవూ?"

సూరమ్మత్త పోయి ఎన్నేళ్ళయిందో... ఆవిడ వంక మాత్రం కోడలి చేతిలో బతికే ఉంది. ఏం మనుషులండీ వీళ్ళు... ఎన్ని దండాలు పెడితే సరిపోతుంది...

ఆ తర్వాత మిగతావాళ్ళూ వచ్చారు. మా అమ్మాయి మొదట గుమ్మం దాకా వచ్చింది... తర్వాత అరుగు దాకా.

నిన్న నా పక్కన కూర్చుని కాఫీ తాగుతూ, "నాన్నా, సత్యవతత్త వాళ్ళింట్లో పిల్లి ఉందా?" అంది. నెలల తర్వాత తనంతట తాను అడిగిన మాట... పెదవి చివర చిన్న నవ్వు కూడా.

"ఉందమ్మా," అన్నాను. "మా చిన్నప్పట్నుంచీ ఉంది."

ఇప్పుడు చాలా ఇళ్ళకి అరుగులు పోయి గేట్లు వచ్చేశాయి... మీ వీధిలో పిల్లలు మూగబోతే ఏ వంక పెట్టి పిలిచేవారండి? చెప్పండి... ఏ ఇంట్లో ఏ పిల్ల తలుపు వేసుకుని ఉందో, పనికొస్తుంది.