ఎడమవైపు ఓకెండెన్

క్లారెన్స్ ఓకెండెన్ ఒక్క మనిషినైనా, ఒక్క వస్తువునైనా మెచ్చుకోగా మా థార్న్‌బీ కార్ల ఫ్యాక్టరీలో ఎవరూ వినలేదు. తన పెళ్ళినాడు చర్చిలో పెళ్ళికూతురు ఎలా ఉందని తమ్ముడు అడిగితే, "ముసుగు అంచు వంకర" అన్నాడట.

మా కార్లకు అచ్చులు లేవు. అల్యూమినియం రేకును మనుషులే సుత్తితో కొట్టి ఒంపు తెచ్చేవాళ్ళు. కుడివైపు విల్ఫ్ ట్రాంటర్ పని, ఎడమవైపు క్లారెన్స్ పని. ఇద్దరి చేతులూ ఒకటి కావు గనుక కారు రెండు చెంపలూ ఒకటి కావు. ఎదురుగా నిలబడి చూస్తే ఒక కన్ను చిట్లించినట్టుండేది. లక్షాధికారులు దాన్ని చేతిపని అందమనుకుని కొనుక్కున్నారు.

నేను తలుపుల లోపలికి తోలు కుట్టేదాన్ని. ముందు కాగితం కత్తిరించి కొలత చూసుకోవాలి. ఎడమ తలుపు కాగితం తిరగేసినా కుడి తలుపుకు ఎన్నడూ సరిపోయేది కాదు.

కంపెనీ చరిత్రను క్లారెన్స్ ఒక్క కప్పు టీలో ముగించేవాడు.

"మొదటి దొర పందేల కోసం కార్లు చేశాడమ్మాయ్. ఒక్కటి గెలిచాడు, మిగతా బండ్లన్నీ దారిలో ఆగిపోయాయి గనుక. ఆయన దివాలా తీస్తే ఊరగాయల వ్యాపారి కొన్నాడు. ఉల్లిపాయల మీద సంపాదించిందంతా మన మీద పోశాడు. ఇప్పుడు పడవల కంపెనీ ఆయన. మునగడం ఎలాగో ఆయనకు ముందే తెలుసు."

మరి మీరెందుకు ఇక్కడే ఉన్నారని అడిగాను.

"బయట వాన," అన్నాడు.

విల్ఫ్ కుడివైపు ముగించగానే క్లారెన్స్ అటు వెళ్ళేవాడు. ఒక కన్ను మూసి, రేకు మీద అరచేయి నడిపి, గుర్రం తన్నిందా అని అడిగేవాడు. నీ ముఖం చూస్తూ కొట్టాను, అలాగే వచ్చింది అనేవాడు విల్ఫ్. ప్రతి కారుకూ ఈ తంతు జరగాల్సిందే.

పడవల దొర కూడా మునిగాడు. ఆ శరత్కాలంలో లండన్ వాళ్ళు మమ్మల్ని కొన్నారు. చలికాలంలో తయారైన బండ్లను వసంతంలో కొలుస్తామనీ, రెండు వైపులూ కలవకపోతే తప్పు ఎవరిదో చూసి పనిలోంచి పంపించేస్తామనీ చెప్పారు. అసలు డ్రాయింగు ఊరగాయల దొర కాలంలోనే పోయింది. ఒక వైపును రెండో వైపుతో పోల్చడమే దారి.

తప్పు ఎవరిదని తేలుతుందో అందరికీ తెలుసు. సుత్తి అదురుకు విల్ఫ్ వేళ్ళు తెల్లబడి, వణకడం మొదలుపెట్టాయి. టీ కప్పు రెండు చేతులా పట్టుకునేవాడు. పింఛను ఇంకొక్క ఏడాది దూరంలో ఉంది.

ఆ చలికాలం క్లారెన్స్ మరీ దుర్మార్గుడయ్యాడు. విల్ఫ్ పని ముందు నిలబడితే కదిలేవాడు కాదు. టీ మీద మీగడ కట్టేది. ప్రతి ఒంపునూ తడిమి, వంగి చూసి, వెక్కిరించేవాడు. విల్ఫ్ బదులు చెప్పడం మానేశాడు. ముసలివాణ్ణి వదిలెయ్యమని పెయింటు వాళ్ళు అడిగారు. వాళ్ళ పెయింటు బొబ్బలెక్కిందని క్లారెన్స్ అన్నాడు.

ఒక మధ్యాహ్నం నేను పొరపాటున కుడి తలుపు కాగితాన్ని తిరగేసి ఎడమ తలుపుకు పెట్టాను. సరిగ్గా సరిపోయింది. కుడి తలుపు పిడి కింద, విల్ఫ్ సుత్తి జారినచోట, ఒక చిన్న పల్లం ఉంటుంది. అది ఇటూ ఉంది.

క్లారెన్స్ దగ్గరికి వెళ్ళాను. "మీ తలుపు విల్ఫ్ తలుపులా ఉందండీ," అన్నాను.

సుత్తి ఆగింది. "అంత నీచమైన మాట నన్నెవరూ అనలేదమ్మాయ్." తరువాత గొంతు తగ్గించి, "కాగితాలు మాత్రం రెండూ కత్తిరిస్తూ ఉండు," అన్నాడు.

వసంతంలో లండన్ నుంచి పాస్కో అనే ఆయన కొలతలు తీశాడు. మళ్ళీ తీశాడు. రెండు వైపులూ ఇంత చక్కగా కలిసిన బండ్లను తాను చూడలేదన్నాడు.

"కళ్ళు చూపించుకోండి," అన్నాడు క్లారెన్స్.

పాస్కో వెళ్ళాక విల్ఫ్ మొదటిసారి ఎడమవైపుకు నడిచి వచ్చాడు. వణికే అరచేతిని తలుపు మీద నడిపాడు. పిడి కింద ఆ చేయి ఆగిపోయింది. అక్కడే చాలాసేపు ఉంది.

"చెత్తగా కొట్టావు, క్లారీ," అన్నాడు చివరికి.

"పక్కవాణ్ణి చూసి చెడిపోయాను."

మరుసటి ఏడాది విల్ఫ్ పింఛను తీసుకున్నాడు. వీడ్కోలు కేకును అతనే కోశాడు. వంకరగా కోశావని అందరి ముందూ చెప్పి, అన్నింటికంటే వంకర ముక్కను క్లారెన్స్ తన పళ్ళెంలో వేసుకున్నాడు.

తరువాతి సోమవారం కుడివైపుకు కొత్త మనిషి వచ్చాడు. నేను ఎడమ తలుపుకు కాగితం పెట్టి చూశాను. పిడి కింద పల్లం లేదు. మా కార్లు మళ్ళీ ఒక్క కన్నే చిట్లించాయి. ఆ చలికాలపు బండ్లు మాత్రం ఇప్పటికీ రెండు కళ్ళూ చిట్లించి చూస్తాయి, పక్కవాడి మాటకు నవ్వు ఆపుకుంటున్నట్టు.