ఉడకవెట్టిన పిస్టన్లు

నాలుగు పిస్టన్లను ఆలుగడ్డల లెక్క ఉడకవెట్టి, మా తమ్ముని పెండ్లిని గా ఉడుకునీళ్లల్లనే ముంచవోయిన ముచ్చట చెప్త, వినుండ్రి. నవ్వొస్తె నవ్వుండ్రి గని నడుమ ఆపకుండ్రి. ఆపితె సిగ్గయి మిగిలింది చెప్ప.

సూరత్‌ల పాండేసరల ఉంటం మేము. ముందల మా తమ్ముడు మల్లేశు కార్లు బాగుచేసే షెడ్డు, ఎనుక నా వంట. మా ఆయన రంగుల మిల్లుల చేసి చేసి సచ్చిపోయిండు. ఆయన పోయినంక మిల్లుల చేసే మన దిక్కు పోరగాండ్లకు అన్నం వండివెట్టే మెస్సు వెట్టిన. మెస్సంటె వండుడు అనుకుంటరు, కాదు, తోముడు. తోమినంక గ్లాసులన్ని ఒక దిక్కు బోర్లియ్యాలె, గంటెలన్ని ఒక దిక్కు, మూతలన్ని ఒక దిక్కు. నిద్రల లేపినా నా చేతులు గట్లనే సర్దుతయి. కొంప ముంచింది గా చేతులే.

అప్పుడు మల్లేశుకు ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి రైల్వేల పనిచేస్తడు, మన కరీంనగర్ దిక్కాయనే. పిల్ల పేరు స్వప్న, సూరత్‌లనే పుట్టి పెరిగింది. గా రైల్వే సారు మంచోడే గని అనుమానం మనిషి. "పిల్లగాడు పనోడో కాదో చూస్త" అని పొగలు గక్కే తన పాత కారు దెచ్చి షెడ్డుల వెట్టిండు. అంటే కట్నం లేదు, కానుక లేదు, ఇంజను మంచిగైతె పిల్లనిస్తడు. సీతకు విల్లు, మా స్వప్నకు ఇంజను.

మల్లేశు ఇంజను ఇప్పి పిస్టన్లు బయటికి తీసిండు. పిస్టనంటె మన చాయ్ గ్లాసు బోర్లిస్తె ఎట్లుంటదో గట్లుంటది. దాని కింద గంటె కాడ లెక్క ఒక రాడు. రెండిటిని కలిపి పట్టుకునేది నడుమల ఏలంత గొట్టం, దాన్ని పిన్ను అంటరు. పిస్టన్ను ఉడుకునీళ్లల్ల ఏస్తె జర ఉబ్బుతదట, అప్పుడు పిన్ను బొటనేలుతోని నూకితె వచ్చేస్తదట. వాడు గొట్టాల పక్కన ఉండే క్లిప్పులు తీసి, ఇంజన్ల ఏది ఏ బొక్కల ఆడేదో పిస్టన్ల నెత్తి మీద సుద్దతోని రాసి, నాతోని చెప్పిండు.

"అక్కా, పెద్ద గిన్నెల నీళ్లు మరగవెట్టు. నేను బజారుకు పోయి పిస్టన్లకు తొడిగే కొత్త రింగులు తెస్త. నేనొచ్చేదాక ఏం ముట్టకు."

గా ఆఖరు మాట ఒక చెవుల నుంచి పోయి ఇంకో చెవుల నుంచి బయటవడ్డది. పగటి అన్నం యాళ్లకు సారు చూడనీకి వస్తనన్నడు. వియ్యంకుడయ్యేటాయన కండ్లకు గా నల్లటి జిడ్డు కనవడాల్నా? ఇంట గెలిచి రచ్చ గెలువాలంటరు. నేను ఇంట్ల తోమి రచ్చ గూడ తోమవోయిన.

రాడుతోనే పిస్టన్ను నీళ్లల్ల ఏసిన. బయటికి తీసి గుడ్డతోని పట్టుకొని నూకిన. ఉడికిన పల్లికాయ నుంచి పలుకు జారినట్టు పిన్ను జారి చేతులవడ్డది. అబ్బ, ఏం సంబురం. ఇంత అల్కటి పనికి వీడు ఇన్నేండ్లు ఉస్తాద్ ఉస్తాద్ అని పిలిపించుకుంటుండా అనుకున్న. అన్ని ఊడగొట్టిన. చింతపండు, సబ్బు, కొబ్బరిపీచు వట్టి రుద్దిన. కోతికి కొబ్బరికాయ దొరికితె ఒక్క కాయనే పోతది, నాకు పీచు దొరికితె ఇంజనే పోయింది. సుద్ద రాత సుత మురికే అనుకొని ఇంకింత రుద్దిన.

పిస్టన్లన్ని బోర్లిచ్చిన. రాడ్లన్ని గంటెల లెక్క వరుస పేర్చిన. పిన్నులు పోపుల డబ్బాల ఏసిన. ఎనుకకు జరిగి చూస్తె పెండ్లిపందిట్ల సామాన్ల లెక్క మెరుస్తున్నయి.

మల్లేశు వచ్చిండు. చేతుల రింగుల డబ్బా కిందవడ్డది.

"అక్కా, ఇవేంది?"

"తోమిన."

"ఏది ఏ రాడుది?"

"ఏదేందిరా? అన్ని ఒక్కతీరే ఉన్నయి గద."

వాడు నేల మీద కూలవడ్డడు. మా బాపు పోయిననాడు సుత గట్ల కూసోలే. ఇన్నేండ్ల సంది ఏ పిస్టను ఆ బొక్కల్నే అరిగి దానికి తగ్గట్టు అయితదట. అంటే నేను చేసిందేంది? నాలుగు జంటల సంసారాలు విడగొట్టి, మొగోళ్లను ఒక దిక్కు, ఆడోళ్లను ఒక దిక్కు కూసోవెట్టి, తాళిబొట్లు పోపుల డబ్బాల ఏసిన. ముండమోసినదాన్ని గద, జోడీల సంగతి యాదిమర్చినట్టున్న.

అయినా ధైర్యం చెప్పిన. "దొరికినదాన్ని దొరికినకాడ వెట్టురా. సంసారం చేసుకుంట అవే సర్దుకుంటయి."

"సర్దుకోవక్కా. ఇంజను పట్టేస్తది. సారు కారు నడి రోడ్డు మీద ఆగుతది, నా పెండ్లి గూడ ఆడనే ఆగుతది."

గప్పుడే సారు వచ్చిండు. బోర్లిచ్చిన పిస్టన్లను చూసిండు, పోపుల డబ్బాను చూసిండు, నన్ను చూసిండు. మల్లేశు ఏం దాయలే, ఉన్నదున్నట్టు చెప్పిండు. రాడ్ల మీద ఏది ఏ బొక్కదో కంపెనోళ్లు కొట్టిన నంబర్లున్నయి గాబట్టి అవి బతికినయట. పిస్టన్లను మాత్రం కొలత సాధనం వట్టి, ఎంటికవాసి తేడా చూసి, బొక్క బొక్కకు కొలిచి జత కలుపాలె. సారు స్టూలు మీద కూసున్నడు. వాడు కొలుస్తనే ఉన్నడు, నేను చాయ్ పోస్తనే ఉన్న, ఆయన తాగుతనే ఉన్నడు. జాతరల తప్పిపోయి పెండ్లాం పిల్లలను ఎతుక్కునేటోళ్ల లెక్క ఒక్కొక్క పిస్టను దాని బొక్కకు చేరేసరికి పొద్దుగూకింది. సారు లేసి, "ఇంటికి పోయి చెప్తం" అన్నడు. పెండ్లిసంబంధాలల్ల గా మాటకు అర్థమేందో మీకు ఎరుకే.

ఇంజను బిగిచ్చినంక కారు పిల్లి లెక్క సప్పుడు లేకుంట నడిచింది. సారు వచ్చి తీస్కపోయిండు. అయినా పిల్ల మాట ఎత్తలే. మల్లేశు అన్నం సరిగ తినలే, నన్ను తిట్టనన్న తిట్టలే. తిడితె మంచిగుండు.

ఆఖరికి సారు నాకే ఫోన్ చేసిండు.

"అమ్మా, నాకైతె మనసొప్పలేదు. కారు మంచిగ చేసిండు గని, గా ఇంట్ల నా బిడ్డ ఎట్ల బతుకుతదా అని భయమైంది. పిస్టన్ల ముచ్చట చెప్పి, వద్దులే బిడ్డా అన్న. స్వప్న ఒకటే అడిగింది."

"ఏమడిగింది సారూ?"

"'ఆడబిడ్డ ఇంజను సుత తోముతదా నాన్నా' అన్నది. తోముతదన్న. 'అయితే గా ఇంట్ల నాకు గిన్నెల బాధ ఉండదు, చేసుకుంట' అన్నది."

పెండ్లయింది, కాపురం మంచిగున్నది. మా మరదలు మాట మీద నిలవడే మనిషి, వచ్చిన కాడికెల్లి ఒక్క గ్లాసు కడగలే. నేను సుత మాట మీద నిలవడుత: మా మెస్సు పొయ్యి సాక్షిగ, జోడి మీదున్న దేన్ని విడదియ్య, నూనె అంటిన ఇనుమును సచ్చేదాక తోమ. ఇగ లేస్త, మరదలు తిన్న పళ్లెం ఎండుతున్నది.