తాబేలు గుండు మీద మీ అమ్మ

ఇలా వచ్చి కుదురుగా కూర్చోవే, ఆ ఫోన్‌లో రికార్డు నొక్కి పక్కన పెట్టి సరిగ్గా విను, మధ్యలో నవ్వావంటే చెప్పను. పొద్దున మీ తెల్లాపూర్ క్లబ్‌హౌస్‌లో, యోగా చేయించి బొమ్మలు వేయించే ఆ క్లాసులో నువ్వు ముడుచుకుని కళ్ళు మూసుకుని ఉంటే పిలిచాను, పలకలేదు, మళ్ళీ పిలిచాను, పలకలేదు, ఇక ఆగలేక అందరి ముందూ గట్టిగా చప్పట్లు కొట్టేశాను. పరువు తీశానని అప్పట్నించీ మూతి ముడుచుకునే ఉన్నావు కదా. ఎందుకు కొట్టానో చెప్తా.

అప్పటికి హైటెక్ సిటీ అన్న పేరే కొత్త. మీ తాతయ్యకి ట్రాన్స్‌ఫరై కాకినాడ నుంచి వచ్చి మాదాపూర్ దగ్గర అద్దెకి దిగాం. చుట్టూ గుట్టలూ బండలే, రోజూ మధ్యాహ్నం వాటికి మందు పెట్టి పేల్చేవాళ్ళు. ముందు ఎర్రజెండా పట్టుకున్నాయన ఒక విజిల్ వేస్తాడు, కాసేపాగి ఇంకోటి, ఆ తర్వాత ఢామ్మని మోత. అటక మీద గిన్నెలు దొర్లేవి. ఆ వేళయ్యేసరికి మీ అమ్మ ఎక్కడుందో చూసుకునేదాన్ని, అప్పటికింకా చిన్నపిల్ల.

మీ తాతయ్య చెల్లెలు మాతోనే ఉండేది, యోగా వచ్చు, బొమ్మలూ వేసేది. ఇంటి ఓనరమ్మ రేకుల షెడ్డు ఇస్తే చుట్టుపక్కల పిల్లలకి క్లాసు పెట్టింది. ముందు ఒంటితో ఆ జీవి అయిపోవాలి, తర్వాతే కాగితం మీద వెయ్యాలి, అదీ ఆమె పద్ధతి. పాకితే పాము, ఒంటికాలి మీద నిలబడితే కొంగ. పేలుళ్ళకి బెదిరి పిల్లలు క్రేయాన్లు విరగ్గొడుతున్నారని ఒక నియమం పెట్టింది. కళ్ళు మూసుకున్నాక ఏ చప్పుడొచ్చినా, ఎవరు పిలిచినా కదలకూడదు, తను చప్పట్లు కొడితేనే తెరవాలి. అందరూ నేర్చుకున్నారు, మీ అమ్మ మరీ బాగా నేర్చుకుంది.

ఆ రోజు తాబేలు. నేను అటుకుల పోపు పట్టుకుని వెళ్ళేసరికి మొదటి విజిల్ పడింది. మీ తాతయ్య చెల్లెలు కాగితాలు తేవడానికి ఇంట్లోకెళ్ళింది, పిల్లలందరూ ముడుచుకుని ఉన్నారు, మీ అమ్మ చాప ఖాళీ. కాగితం మీద సగం డిప్ప, పక్కన పచ్చ క్రేయాన్. పక్క చాప మీది చంటిది కళ్ళు తెరవకుండానే, "తాబేలు గుండు మీదికి పోయింది, అసలు తాబేలయితదంట" అంది.

షెడ్డు వెనక గుట్ట మీద తాబేలులా ఉండే పెద్ద బండ పేరది. పొద్దున్నించీ దానికే మందు కూరుతున్నారని నాకు తెలుసు.

పళ్ళెం ఎక్కడ పడేశానో తెలీదు. ఓనరమ్మ కొంగు పట్టి లాగింది. "యాడికురుకుతున్నవమ్మా, జర ఆగు, ఇంకో విజిల్ అయితది!" అని, నేను చూపించిన వైపు చూసి, కొంగు వదిలేసి గుట్ట అవతలికి పరుగెత్తింది, "ఓ అన్నా, ఆపుండ్రి! గుండు మీద పోరి ఉన్నది, కనవడ్తలేదా!" అని అరుచుకుంటూ. ఆ జెండా ఆయనకి ఇవతలి వైపు కనపడదు. బండ మీద మీ అమ్మ, మోకాళ్ళలో తల దాచుకుని, నల్లగా చిన్నగా, బండకే మొలిచినట్టు. పేరు పెట్టి అరిచాను. కదల్లేదు. అరవగా అరవగా నా గొంతు పోయి గాలి మాత్రమే వచ్చింది. అలాగే బండ కింది దాకా పరుగెత్తాను.

వెనకనించి మీ తాతయ్య చెల్లెలు వచ్చి చప్పట్లు కొట్టింది.

అప్పుడెత్తింది తల. నెమ్మదిగా, ముందు మెడ, తర్వాత కళ్ళు. నన్ను చూసి నవ్వింది కూడాను! జారుకుంటూ దిగొచ్చాక చంకనేసుకుని షెడ్డులోకి ఉరికాను. జెండా ఆయన నోటి దాకా తెచ్చిన విజిల్ పట్టుకునే కూలబడ్డాడని ఓనరమ్మ తర్వాత చెప్పింది. కాసేపటికి పేల్చారు, ఆ మోత నాకు వినపడలేదే, మీ అమ్మ గుండె చప్పుడే వినపడింది.

ఇప్పుడక్కడ అద్దాల మేడ ఉంది. మీకు చాపలు కూడా మెత్తగా ఉన్నాయి, ఏసీ ఉంది, పేలుళ్ళు లేవు. కానీ వాచ్‌మన్ విజిల్ వేస్తే నేనింకా పిల్లలెక్కడున్నారో వెతుక్కుంటాను, కళ్ళు మూసుకున్న పిల్ల పలక్కపోతే నా చేతులు వాటంతటవే లేస్తాయి, మీకిది చాదస్తం, నాకు మాత్రం ఆ బండ పోయినా దాని మీది... అదిగో, వంటింట్లోంచి చప్పట్లు విన్నావా, అన్నానికి మీ అమ్మ నన్ను ఎప్పుడూ నోటితో పిలవదు చూడు, వస్తున్నానే తల్లీ, ఇదిగో లేచాను, ఏం చెప్తున్నాను, ఆ బండ మీది పిల్ల నాకింకా