నాట్‌ఫర్ కంపెనీ బందూకు

మా పెద్దబాపు పోయాడన్న కబురు నాకు బడిలో అందింది. నిర్మల్ దగ్గరి చిన్న ఊళ్లో పంతులమ్మగా పనిచేస్తున్నాను. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే, ఖానాపూర్ నుంచి వచ్చే బస్సు కండక్టరు తరగతి గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎప్పుడూ హారన్ కొట్టి కబురు చెప్పిపోయే మనిషి చెప్పులు విడిచాడంటేనే నాకు సగం అర్థమైంది.

"పంతులమ్మా, మీ పెద్దబాపు పొద్దుగాల పానం ఇడిసిండు. పొయ్యి కాడ కూసోని చాయ్ తాగిండట. గిలాస కింద పెట్టి గోడకు ఒరిగిండట. గంతే," అన్నాడు.

బాపు అంటే మా నాన్న, పెద్దబాపు ఆయనకు అన్న. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. నన్ను ఎక్కించినవాడు ఆయన. అయితే చుట్టుపక్కల ఊళ్లలో ఆయన్ని తలుచుకునేది అందుకు కాదు, ఆయన బందూకును బట్టి. 'నాట్‌ఫర్ పటేల్' అనేవారు. నిజానికి మాకు ఏ పటేల్‌గిరీ లేదు. జొన్నా మక్కా పండించుకునే కుటుంబం మాది. ఆ పటేల్ అన్న మాట కూడా బందూకు తెచ్చిపెట్టిందే.

నిజాం కాలంలో మా వైపు అడవికి ఒక జాగీర్దారు షికారుకు వచ్చేవాడు. వయసులో ఉన్న పెద్దబాపు ఆయన వెంట బందూకులు మోసేవాడు, జంతువుల జాడ చూపేవాడు. పోలీసు చర్య తర్వాత ఆ కుటుంబం హైదరాబాద్ వెళ్లిపోతూ, నమ్మకంగా పనిచేసినందుకు గుర్తుగా ఒక పాత దునాలీ, అంటే రెండు గొట్టాల, బందూకును లైసెన్సుతో సహా ఆయనకు ఇప్పించింది. అది ఏ కంపెనీదని పెద్దబాపు అడిగితే, పక్కనున్న మున్షీ నాలి గొట్టం మీద వేలు పెట్టాడట. ఆ మున్షీ ఉర్దూలో ఘనుడే కాని ఇంగ్లీషులో అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. నాలి మీద ఉన్నవి కూడబలుక్కుని, "నాట్ ఫర్ బాల్" అన్నాడట. విలాయతి కంపెనీ పేరు అట్లాగే ఉంటుందనుకున్నాడు పెద్దబాపు. ఊరికి వచ్చేసరికి అది నాట్‌ఫర్ కంపెనీ అయింది.

ఆయన గురి తప్పేది కాదు. చేలలో పడే అడవిపందులకు ఆయన అలికిడే చాలనేవారు. దాంతో బందూకు కొనే స్తోమత ఉన్న రైతు ఎవరైనా నిర్మల్ దుకాణంలో ముందు అడిగేది నాట్‌ఫర్ మార్కు ఉందా అనే. దుకాణదారు బుర్ర గోక్కునేవాడట. మా పక్క ఊరిలో ఆయన దోస్తు ఒకాయన ఎక్కడెక్కడో వెతికి, అవే అక్షరాలున్న పాత బందూకు సంపాదించి, బండికి పసుపు కుంకుమలు పెట్టినట్టు దానికీ పెట్టి తెచ్చుకున్నాడు.

ఎండాకాలం వస్తే పట్నం నుంచి, బొగ్గుగనుల వైపు నుంచి రైఫిళ్లు పట్టుకుని షికారు సాహెబులు దిగేవారు. సాయంత్రం మా ఇంటి ముందు మంచాల మీద కూర్చుని ఎవరి రైఫిలును వాళ్లు మెచ్చుకునేవారు. అది వినడం నాకు పెద్ద సరదా. ఫౌజులో పనిచేసి వచ్చిన సుబేదారు జర్మన్ రైఫిలు తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. బురదలో పడ్డా ఇసుకలో పడ్డా దాని బోల్టు గుంజితే వస్తుందనేవాడు. ఒక వకీలుకు విలాయతి వాళ్ల జంటనాలీల రైఫిలే కావాలి. పులి మీదికి వస్తుంటే రెండో గుండు కోసం బోల్టు గుంజే తీరిక ఎవరికి ఉంటుందని ఆయన వాదన. ఒక కాంట్రాక్టరు అమెరికా రైఫిలు తెచ్చేవాడు. ఎందుకంటే దాని తూటాలు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. ఈ ముగ్గురిలో తెలివి ఉన్నది ఆ కాంట్రాక్టరుకేనని పెద్దబాపు మాకు మెల్లగా చెప్పేవాడు.

అందరి మాటా విన్నాక ఆయన ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగేవాడు. ఈ రైఫిలును మొట్టమొదట ఎవరి చేతిలో చూశారు అని. అప్పుడు వాళ్ల ముఖాలు మారిపోయేవి. సుబేదారు తనను లడాయిలో కాపాడిన కెప్టెన్ గురించి చెప్పాడు. వకీలు తన మామగారిని తలుచుకున్నాడు. తూటాల లెక్క చెప్పిన కాంట్రాక్టరు కూడా చివరికి, చనిపోయిన తన అన్న దగ్గర అలాంటిదే ఉండేదని అన్నాడు.

వాళ్లు వెళ్లాక పెద్దబాపు నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"కంపెనీని ఎవ్వడు కొనడు బిడ్డా. ఎవని చేతుల సూసిండో, గా చెయ్యిని కొంటడు."

అంత తెలిసిన మనిషి, నాట్‌ఫర్ కంపెనీ అని జనం కొంటున్నది తన చేతినేనన్న సంగతి మాత్రం ఒప్పుకునేవాడు కాదు. అదంతా బందూకు గొప్పతనమే అనేవాడు.

నేను మా ఊరి బడిలో చివరి తరగతికి వచ్చిన ఏడు జొన్న కంకి పట్టే వేళకు ఒక పెద్ద అడవిపంది దిగింది. చేలు పాడుచేయడమే కాక, మేకలు కాసే ఒకాయన తొడ చీల్చింది. మామూలుగా పెద్దబాపు ఛర్రా తూటాలే వాడేవాడు. ఛర్రా అంటే చిన్న చిన్న సీసం రవ్వలు. దీనికి రవ్వలు చాలవని, ఒకే పెద్ద గుండు ఉండే తూటాలు నిర్మల్ నుంచి తెప్పించాడు. అవి ఆయన అంతకు ముందు ఎప్పుడో ఒకటీ అరా పేల్చాడు. అప్పుడు భుజం వాచిందని, అది నాట్‌ఫర్ గుద్దు అని గర్వంగా చెప్పుకునేవాడు.

తెల్లారి జనం పందిని తోలడానికి డప్పులు పట్టుకుని వాకిట్లో చేరారు. పెద్దబాపు ఎప్పటిలాగే పాత ధోతి గుడ్డను కొబ్బరినూనెలో ముంచి నాలి తుడుస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆ ఏడే మా సారు ఇంగ్లీషు మాటలకు అర్థాలు చెప్పడం మొదలుపెట్టాడు. కనిపించిన ప్రతి అక్షరమూ, అగ్గిపెట్టె మీదిది కూడా, చదివే పిచ్చిలో ఉన్నాను. నూనె తుడిచిన చోట అక్షరాలు తేటగా కనబడ్డాయి. చదివాను. మళ్లీ చదివాను.

"పెద్దబాపూ, గిది పేరు కాదు," అన్నాను. "చెండు కొరకు కాదు అని రాసున్నది."

వాకిట్లో అందరూ నవ్వారు. పెద్దబాపు భార్య, మా పెద్దవ్వ, చేటలో జొన్నలు చెరుగుతూ, "బందూకుతోని చెండాట ఎవరాడుతరే, నీ సదువు పాడుగాను," అంది. నాకూ అదే అనుమానం. సిగ్గుపడ్డాను.

పెద్దబాపు నవ్వలేదు. గుడ్డ పక్కన పెట్టాడు.

"చెండంటే గుండ్రంగ ఉంటదా?" అని అడిగాడు.

అవునన్నాను. ఆయన జేబులోంచి కొత్త తూటా తీసి, కత్తితో దాని మూత విప్పి, లోపలి సీసం గుండును అరచేతిలో పెట్టి నా ముందు చాపాడు.

"గిట్ల?"

నాకు ఆ మాట మాత్రమే తెలుసు. దాన్ని ఎందుకు రాశారో ఆయనకు తెలిసింది. నాలి కొసలో వేలు పెట్టి తిప్పాడు. అక్కడ సన్నగా ఉందని, రవ్వలైతే సర్దుకుని పోతాయని, గుండు ఇరుక్కుంటుందని, ఇరుక్కుంటే నాలి పగిలి ముందు పోయేది పట్టుకున్న చెయ్యేనని తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పాడు. ఇన్నేళ్లుగా బందూకు తన ముఖం ముందే అరుస్తున్నది, వినేవాడు లేక.

గుండు తూటాలన్నీ తీసి పెద్దవ్వ ఒళ్లో పోశాడు. ఇవాళ పోవడం లేదని, ఛర్రాతో మంచె మీద కాపు కాస్తానని అన్నాడు. డప్పులు పట్టుకొచ్చిన వాళ్లలో ఒకాయనకు కోపమొచ్చింది.

"పోరి మాట ఇని పందిని ఇడుస్తవా పటేలా?"

"పోరి మాట గాదు. బందూకు మాట. పోరి సదివింది."

అంతటితో ఆగలేదు ఆయన. నన్ను వెంటబెట్టుకుని పొలాల మీదుగా పక్క ఊరికి నడిచాడు. పసుపు కుంకుమలు పెట్టి బందూకు తెచ్చుకున్న ఆ దోస్తు ఇంటికి. దారిలో నేను వెనకబడినప్పుడల్లా నిలబడ్డాడు. ఆ దోస్తు బందూకు నాలి కొస అప్పటికే కొద్దిగా ఉబ్బి ఉంది. నా బందూకు జొన్న లెక్క పొట్టకొచ్చిందని ఆయన అందరికీ జోకుగా చెప్పుకునేవాడు. నేను అక్షరాలు చదివి వినిపించాను. ఆయన మొదట కొట్టిపారేశాడు. పెద్దబాపు ఆయన చెయ్యి పట్టుకుని ఆ ఉబ్బు మీద పెట్టి, తీయనివ్వలేదు. 

కాసేపటికి ఆ దోస్తు, "మరి మన కంపెనీ పేరేందిరా?" అని దీనంగా అడిగాడు. రెండు బందూకులనూ తిప్పి తిప్పి వెతికాను. పేరు ఉండాల్సిన చోట ఇనుము నున్నగా అరిగిపోయి ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఇంకేం చేయాలో తెలియక, నవ్వారు.

ఆ పంది తర్వాత ఛర్రాకే పడిందో, అడవి దాటి వెళ్లిపోయిందో నాకు సరిగా గుర్తులేదు. గుర్తున్నది ఆ సాయంత్రం. ఊరి బడి అయిపోతే నన్ను చేను పనికి పెట్టాలని మా బాపు నిశ్చయించుకున్నాడు. ఆడపిల్లను నిర్మల్ హాస్టల్లో ఉంచడం ఆయనకు మనసొప్పలేదు. ఎదురు చెప్పే ధైర్యం మా అమ్మ, అవ్వకు లేదు, నాకూ లేదు. పెద్దబాపు తింటున్న గట్క గిన్నె పక్కకు జరిపి మా బాపుతో అన్నాడు.

"ఇంట్ల ఒక్కలన్న సదవాలెరా తమ్మీ. లేకుంటే వద్దన్నదాన్నే పేరనుకుంటం."

బాపు తిండి ముగించి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత హాస్టలుకు నా పెట్టె ఎంత పెద్దది కావాలని అడిగాడు.

నిర్మల్‌లో చదువు, ఆ తర్వాత కరీంనగర్‌లో పంతులమ్మ ట్రైనింగు. సెలవులకు ఎప్పుడొచ్చినా పెద్దబాపు ముందు అన్నం తిన్నావా అని అడిగేవాడు. తర్వాత గోడ మీంచి బందూకు దించి నా ఒళ్లో పెట్టి, చదవమనేవాడు. నేను ఆ మూడు మాటలూ చదివి అర్థం చెప్పేదాన్ని. ఎప్పుడూ అవే మాటలు. అయినా కళ్లు మూసుకుని, కొత్త సంగతి విన్నట్టు తలూపేవాడు. అక్షరాలు నేర్పుతానంటే ఒప్పుకోలేదు. నేర్చుకుంటే మళ్లీ మళ్లీ నాతో చదివించుకోవడానికి సాకు ఉండదని పెద్దవ్వ తర్వాత చెప్పింది. ఒక అలవాటు మాత్రం చేసుకున్నాడు. తూటా పెట్టే ముందు బొటనవేలితో ఆ అక్షరాలను ఒకసారి తడిమేవాడు. అడవి పల్చబడి, షికారు తగ్గి, బందూకు గోడకే ఉండిపోయిన రోజుల్లో కూడా నూనె తుడిచాక ఆ వేలు అక్కడికే పోయేది.

చనిపోయిన వాళ్ల బందూకును ఠాణాలో అప్పగించాలి. దినాలయ్యాక బాపు, నేను తీసుకెళ్లాం. జమాదారు ఏ కంపెనీది అని అడిగాడు. బాపు అలవాటు కొద్దీ, "నాట్‌ఫర్ కంపెనీ," అన్నాడు.

జమాదారు కళ్లు విప్పారాయి. "ఓ, నాట్‌ఫరా! పేరు ఇన్న. మంచి మాలు. వేలంల దీన్ని మస్తు మంది అడుగుతరు చూడు," అన్నాడు.

బాపు ముఖం ఒక్క క్షణం వెలిగింది. నాకు మాత్రం భయమేసింది. రేపు ఇది ఎవరి చేతికి పోతుందో. ఆ చెయ్యి అప్పుడు ఏ తూటా పెడుతుందో. అట్టముక్క ఒకటి అడిగి తీసుకుని, పెద్ద అక్షరాలతో తెలుగులో రాశాను, 'గుండు వేయవద్దు. ఛర్రా మాత్రమే' అని. దాని వెనకవైపు అదే మాట ఉర్దూలో రాయమని జమాదారును బతిమాలాను. ఆయన నన్ను వింతగా చూశాడు. నేను నాలి మీది మాటలకు అర్థం చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. కలం తీసుకుని నెమ్మదిగా, అందంగా రాశాడు.

నాలికి ఆ అట్టముక్క కడుతుంటే చూశాను. పెద్దబాపు వేలు రాసుకుని రాసుకుని, అక్షరాల చుట్టూ ఇనుము నలుపు పోయి తెల్లగా మెరుస్తున్నది, బొటనవేలు ఎంతో అంత మేర.

బయటికొచ్చి ఒకసారి వెనక్కి తిరిగాను. కటకటాల వెనక బందూకులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నింటికీ మనుషుల పేర్ల చీటీలున్నాయి. చివరిదాని అట్టముక్క ఒక్కటే గాలికి మెల్లగా తిరుగుతూ ఒకసారి తెలుగులో, ఒకసారి ఉర్దూలో వద్దు, వద్దు అంటున్నది.