నీరటి పెద్దనాయిన జవాబు

మా పక్కింటి పెద్దనాయిన పోయాడని మంగళవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "మంచంల పడకుంట పోయిండు బిడ్డా, చెరువు కట్ట మీదనే" అని, ఇంకేమీ అనలేక ఫోన్ పెట్టేసింది. మాకు రక్తసంబంధం లేదు. కానీ పుట్టినప్పటి నుంచీ గోడ అవతల వింటూ పెరిగిన గొంతు అది. డ్యూటీ బట్టల్లోనే కూర్చుని ఏడ్చాను.

తెలకపల్లి దగ్గర మా ఊరికి ఆయన నీరటి. చెరువు తూము ఎత్తేదీ దించేదీ, ఏ పూట ఏ మడికి నీళ్లు పారాలో తేల్చేదీ ఆయనే. చెప్పులంటే గిట్టవు. "కాలికి తడి తెల్వకపోతె నీళ్ల సంగతి ఎట్ల తెలుస్తది?" అనేవాడు. అన్నంలో చారు పోసుకున్నా చుట్టూ ఒడ్డు కట్టి, ఒక్క చుక్క పక్కకు పోనిచ్చేవాడు కాదు. "ఇంట్ల గూడ నీరటోనివేనా?" అని పెద్దమ్మ ఆటపట్టించేది.

మూడేళ్ల కిందట యాసంగి పంటప్పుడు కాలువ చివరి రైతు మడి ఎండిపోయింది. ఆ రైతు రెండుసార్లు వచ్చి తన వంతు ఎప్పుడని అడిగాడు. పెద్దనాయిన రైతు ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు తప్ప నోరు విప్పలేదు. "ఎవరి దిక్కో అయి నన్ను ఎండవెట్టిండు" అని రైతు పంచాయతీ పెట్టించాడు. అక్కడా జవాబు రాలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని పెద్దమనుషులు తేల్చి, ఆయన చేతిలోని పార, దాంతోపాటే నీరటి పనీ తీసేసుకున్నారు.

నా సంగతీ చెప్పాలి. హైదరాబాద్‌లో ఒక దవాఖానలో మెదడు స్కాన్లు తీయడం నా ఉద్యోగం. మెదడులో తెల్ల పదార్థం అని ఒకటుంటుంది. ఒక చోటి కబురును ఇంకో చోటికి మోసే సన్నటి పోగులవి. అవి దెబ్బతింటే మనిషి ఆలోచన ఎలా మారుతుందో చూసే పరిశోధనలో రోజూ పనిచేస్తాను. అలాంటి నేను ఊరికి వెళ్లినప్పుడు "బాగున్నవా పెద్దనాయినా?" అని అడిగి, ఆయన నోరు తెరిచేలోపే ఫోన్ చూసుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయాను. ముసలితనంలో పొగరు పెరిగిందనుకున్నాను. చదువంతా నెత్తికెక్కింది గానీ కళ్లలోకి దిగలేదు.

పట్టుబట్టింది పెద్దమ్మే. "గాయిన పొగరు నలభై ఏండ్ల సంది చూస్తున్న. ఇది గది కాదు. జర డాక్టరుకు చూపియ్యి బిడ్డా" అంది.

డాక్టరు స్కాన్ రాశారు, ఆలోచన పరీక్షలూ రాశారు. ఒక పరీక్షలో కాగితం మీద చెల్లాచెదురుగా అంకెలుంటాయి. వరుస తప్పకుండా గీతతో కలపాలి, అదీ గడియారం పెట్టి. ఆ పరీక్ష పెట్టింది నేనే. గడువు అయిపోయింది. కాగితం తీసుకోబోతే ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. "మడి నిండకముందే నీళ్లు మలుపుతరా బిడ్డా?" అన్నాడు. ఆగాను. చాలాసేపు పట్టింది గానీ ఒక్క అంకె కూడా తప్పలేదు. గడువులోపల పూర్తికాలేదనే రాయాల్సి వచ్చింది.

చిన్న రక్తనాళాలు పాడై ఆ పోగులు చాలాచోట్ల దెబ్బతిన్నాయని, మాట ఆలస్యం కావడం అందువల్లేనని డాక్టరు చెప్పారు. పెద్దనాయిన బొమ్మ చూపించమన్నాడు. డిఫ్యూజన్ స్కాన్ అంటే నీళ్ల కదలికను చూసే స్కాన్ అని చెప్పాను.

"నెత్తిల నీళ్లుంటయా?"

"ఉంటయి పెద్దనాయినా. పోగు మంచిగుంటే నీళ్లు దాని ఎంబడే కదులుతయి. చెడిపోతె అటూ ఇటూ పోతయి."

తెరకేసి చూస్తూ ఉండిపోయాడు. ఈసారి నేను ఫోన్ ముట్టుకోలేదు.

"కాలువ ఒడ్లు తెగినయన్నట్టు" అన్నాడు చివరికి. "మాట మొత్తానికే ఆగిపోదు గద?"

"పోదు. ఆలస్యంగ చేరుతది."

"గదే ఊర్లె చెప్పు. నేను ఎవ్వరి దిక్కు కాలేదని చెప్పు."

నయమవుతుందా అని అడగలేదు. మందుల గురించీ అడగలేదు. ఊరు తనను అన్యాయం చేసినవాడనుకోకూడదు, ఆయనకు కావలసింది అంతే.

చెరువు కట్ట మీద పదిమందిని పిలిచి, పెద్దనాయినను పక్కన కూర్చోబెట్టుకుని స్కాన్ సంగతి చెప్పాను. బొమ్మలో మనిషి మనసు కనపడదని కూడా చెప్పాను. "జవాబు రాకపోవుడు పొగరు కాదు. గంతవరకే నేను చెప్పగలుగుత. మీరే అడుగుండ్రి. అడిగి ఆగుండ్రి" అన్నాను.

మడి ఎండిన రైతు ముందుకొచ్చాడు. "నా మడికి నీళ్లెందుకు ఇయ్యలే?"

ఎవరో బీడీ ముట్టించారు. అది అయిపోవచ్చింది కూడా.

"పైన కాలువకు గండి వడ్డది" అన్నాడు పెద్దనాయిన. "ముందు గది పూడ్సాల్నా, నీకు మలపాల్నా, తోచలే. గట్లనే నిలవడ్డ. తప్పు నాదే."

"గీ మాట గప్పుడే అంటె అయిపోతుండె గద!"

"అనవోతుంటి. నువ్వే ఎల్లిపోయినవ్."

రైతు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. నేనూ అలాగే వెళ్లిపోయినదాన్నే కదా.

పార మళ్లీ ఆయనకివ్వలేదు, ఆయనా అడగలేదు. ఊరు దాన్ని ఆ రైతుకే అప్పజెప్పింది. రైతు రోజూ పొద్దున్నే కట్ట మీద ఆయన పక్కన కూర్చుని, ఇవాళ ముందు ఎవరికి అని అడిగి ఆగేవాడు. ఏ మడి ఎంత తాగుతుందో పెద్దనాయిన ఒక్కటీ మరిచిపోలేదు. ఇప్పుడు నేను కూడా గడువు దాటిన కాగితాన్ని లాక్కోను. గడువు ఎక్కడ అయిపోయిందో అక్కడ గుర్తుపెట్టి, మిగతాది పూర్తి చేయనిస్తాను. ఆయన పుణ్యమే.

దినాలకు వెళ్లినప్పుడు ఆ రైతు నన్ను పక్కకు పిలిచాడు.

"మంగళారం గూడ అడిగిన. నడిమి మడికా, కింది మడికా అని. తలకాయ వంచుకొని ఆలోచన చేస్తుండనుకున్న."

"ఎంతసేపు కూసున్నవ్?" అని అడిగాను.

"ఎండ కాళ్ల మీదికొచ్చేదాంక." తూము వైపు చూశాడు. "నువ్వే చెప్తివి గద బిడ్డా, ఆగుమని."