కంబన్న మంద కట్టిన చేను

కోసిగి పక్క పల్లెలో గొర్రెలు కాసే కంబన్నకు అరవై రెండేళ్లు. ఎవరి జోలికీ పోని మనిషి. పాపం, జీవితంలో ఒక్కసారి సొంత అక్కకు మేలు చేయబోయి, ఆమె నోటి మాటకు దూరమైపోయాడు.

అక్క సోమక్కకు ఊరి బయట మూడెకరాల చేను ఉంది. కోతలయ్యాక గొర్రెల మందను రాత్రిపూట చేన్లో కట్టించుకోవడం ఇక్కడి రైతులకు అలవాటు. గొర్రెలు వేసే పెంటికలతో నేల బలుస్తుంది, కాపరికి ఇన్ని గింజలు ముడతాయి. అక్క దగ్గర గింజలేం తీసుకుంటాను అనుకుని కంబన్న పది రాత్రులు ఊరికే కట్టాడు.

అది పచ్చగడ్డి కంటికి కనబడని కరువు సంవత్సరం. వంక పక్కన కంపచెట్లు ఒక్కటే పచ్చగా ఉండేవి. సర్కారు తుమ్మ అంటారే, అదే కంప. గొర్రెలు దాని తియ్యటి కాయలు తిని ప్రాణం నిలుపుకున్నాయి. కాయ కడుపులో అరుగుతుంది గానీ లోపలి విత్తనం అరగదు, పెంటికలతో నేల మీద పడి మొలుస్తుంది. పుట్టినప్పటి నుంచి గొర్రెల మధ్య తిరిగినవాడికి ఆ మాత్రం తట్టలేదంటే ఏమనాలి? ఆ ఏడే సోమక్క మొగుడితో కలిసి మిరపకాయల కోతకు గుంటూరు పోయింది, అక్కడి నుంచి కట్టడాల పనికి బెంగళూరు పోయింది. మూడేళ్లు చేన్లో నాగలి పడలేదు. తిరిగొచ్చి చూస్తే నడుమెత్తు కంప. ఇంకో మూడేళ్లకు మనిషి దూరడానికి సందు లేని ముళ్ల అడవి. సోమక్క మొగుడు చేను మీద ఆశ వదులుకుని ఆమెతో మళ్లీ బెంగళూరు పోయి, అక్కడే కన్నుమూశాడు.

అప్పటి నుంచి సోమక్క తమ్ముడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. పండక్కి ఊరొచ్చి, ఎదురుగా కూర్చుని కూడా, చెప్పాల్సింది ఆయన ఇంటి వాకిలి స్తంభానికి చెప్పేది.

"స్తంభమా, మీ గొర్రెలు నాకు శానా మేలు చేసినాయిలే. చేను నిండా ముండ్లు పండినాయి."

స్తంభం ఏమంటుంది? కంబన్న గంజి తాగుతూ తల వంచుకునేవాడు. అలా ఇరవై ఏళ్లు దొర్లిపోయాయి. ఆ ఇరవై ఏళ్లలో అక్క తనను పేరు పెట్టి పిలిస్తే చాలునని ఆయన కోరుకోని రోజు లేదు.

నాలుగేళ్ల కింద కంబన్న గడ్డపార పట్టుకున్నాడు. బొగ్గు కాల్చేవాళ్లు వచ్చి కంపను నరికి పట్టుకుపోయారు గానీ మొద్దులు వదిలిపోయారు. వాటిని వదిలేస్తే వానకు రెట్టింపుగా చిగురిస్తాయి. మూడు వేసవులు ఒక్కో మొద్దునూ వేరుతో సహా పెళ్లగించాడు. చివరికి చేను ఖాళీ అయింది. ఎంత ఖాళీ అంటే, చీమ కూడా తిరగడం లేదు. చచ్చిపోయిన నేలను బయటికి తీశానేమో అని ఆయన గుండె జారిపోయింది.

ఊరి వెనక గుట్ట మీద, బండల సందుల్లో, నాగలి ఎక్కని చోట, ఆయన చిన్నప్పటి గడ్డి ఇంకా మిగిలి ఉంది. చెంగలి ఉంది, నెంద్ర ఉంది, గొర్రె బొచ్చుకు సూదుల్లా పట్టుకునే ముల్లుగడ్డి ఉంది. కంపను మోసుకొచ్చిన మంద గడ్డిని మాత్రం ఎందుకు మోసుకురాదు? ఈ ఆలోచన వచ్చిన రోజు ఆయనకు అన్నం సయించలేదు.

ఈసారి తొందరపడలేదు. గడ్డి గింజ పట్టిన చలికాలం చూసుకుని, మందను వారం రోజులు గుట్ట మీదే మేపి, రాత్రిళ్లు ఉత్త బండ మీద కట్టాడు. కడుపులో పాత కంప విత్తనాలు ఏవైనా ఉంటే రాతి మీదే రాలిపోవాలని. పొద్దున్నే పెంటికలను పుల్లతో చిదిపి చూస్తుంటే, ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలే సోమక్క కొడుకు హనుమేష్ ఊరొచ్చి చూశాడు.

"ఏం మామా, పెంటికల్లో బంగారం ఎతుకుతాండావా?"

"కంప గింజ లేదప్పా. అంతకన్నా బంగారం ఏముండాది?"

ఆ తర్వాతే మందను అక్క చేన్లోకి తోలాడు. పగలు గుట్ట మీద మేపుతూ, రాత్రిళ్లు చేన్లో నెల రోజులు కట్టాడు.

ఆరుద్ర కార్తెలో వాన పడింది. మూడో నాడు పోయి చూస్తే నేల నిండా ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు. ఇన్నేళ్లూ ఏ లోతులో దాక్కున్నాయో! పేడపురుగులు పెంటికలను దొర్లించుకుపోతున్నాయి. పది రోజులకు చెంగలి మొలిచింది, దాని వెనకే నెంద్ర. కంప పిలకలూ లేకపోలేదు, వాటిని రోజూ పీకేవాడు. అలా పీకుతూ పీకుతూ ఒకచోట ఆగిపోయాడు. చెంచలి కూర. వాళ్లమ్మ పప్పులో వేసి వండిన ఆకు. గుట్ట మీద అది లేదు, కాబట్టి గొర్రెలు తెచ్చింది కాదు. ఇరవై ఏళ్లు ఆ ముళ్ల కింద, చీకట్లో, గింజగానే కూర్చుని ఎదురు చూసింది. ఆ నేల చచ్చిందని అనుకున్నందుకు ఆయనకు సిగ్గేసింది. చేతులెత్తి దండం పెట్టాడు, ఎవరికని తెలియకుండానే.

గడ్డి మోకాలెత్తయ్యేసరికి పూరేడు పిట్టలు దిగాయి, కౌజులు దిగాయి. వీటికి ఈ చేను సంగతి ఎవరు చెప్పి ఉంటారు? ఎంత ఆలోచించినా కంబన్నకు అంతు చిక్కలేదు.

వినాయక చవితికి ముందు హనుమేష్ వాళ్లమ్మను తీసుకొచ్చాడు. సోమక్క గట్టు మీద చాలాసేపు నిలబడింది. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ గడ్డిలోకి దిగింది. కాళ్ల దగ్గర నుంచి ఒక పూరేడు బుర్రుమని లేచింది. అది లేచిన చోట, గడ్డి పోచల మధ్య, చుక్కల చుక్కల గుడ్లు ఏడు. ఆమె అడుగు వెనక్కి తీసుకుని కూర్చుండిపోయింది. కూర్చున్న చోటే చెంచలి ఆకు గిల్లి వాసన చూసింది. కళ్లు తుడుచుకుంది.

కంబన్న గట్టు దిగలేదు. ఈ చేన్లో మాట్లాడటానికి ఆమెకు స్తంభం లేదని మాత్రం అనుకున్నాడు, భయంగా.

"కంబా," అంది సోమక్క, ఇటు తిరిగి. "అమ్మ ఆకు ఇది."

"అవునక్కా."

ఆమె ఒడినిండా చెంచలి గిల్లుకుని లేచింది. గుడ్లున్న చోటికి దూరంగా నడిచి గట్టెక్కి, తమ్ముడి భుజం పట్టుకుంది.

"ఆ పిట్ట పిల్లలు ఎగిరిపోనీ. ఆమీట నీ మందని ఈడనే కట్టు. ఎన్ని రాత్రులైనా కట్టు."