బాస్ మాట, మేనత్త వరస

మా జర్మన్ టీచరుగారు మొన్న గురువారం పోయారు. సెలవుకని భీమవరంలో చెల్లెలింటికి వెళ్ళి, మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవారు మరి లేవలేదట. నేను క్లినిక్‌లో డ్యూటీలో ఉండగా ఆ చెల్లెలు వాయిస్ మెసేజ్ పంపారు. మందుల గదిలోకి వెళ్ళి మరోసారి విన్నాను.

ఇక్కడ గల్ఫ్‌లో, ఉమ్ ఘువైలినా పేటలో ఆవిడ ఫ్లాటే మా బడి. జర్మనీ వెళ్దామనుకునే నర్సులం ఇక్కడ సెలవురోజైన శుక్రవారాలు చర్చి అయ్యాక అక్కడ చేరేవాళ్ళం. ముందు టీ, తర్వాతే వ్యాకరణం. "నోళ్ళు తెరవండమ్మా, తప్పుల సంగతి నేను చూసుకుంటాను" అనేవారు. ఎవరైనా కష్టమైన మాట సరిగ్గా పలికితే కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. ఆవిడ మెచ్చుకోలు అంతే.

అప్పట్లోనే అల్ సద్‌లోని మా క్లినిక్‌లో నన్ను నర్సులకి ఇన్‌చార్జిని చేశారు. నిజామాబాద్ నుంచి వచ్చిన షబానా నాకంటే పెద్దది, అంతవరకూ నన్ను పేరు పెట్టి పిలిచేది. ఆ వారం నుంచి "సరే బాస్" అనడం మొదలుపెట్టింది. నేను వెళ్తే భోజనాల గదిలో మాటలు ఆగిపోయేవి. క్లాసులో నా ముభావం చూసి టీచరుగారు అడిగితే చెప్పేశాను.

"బాస్ అనేది డచ్చి మాట," అన్నారావిడ. "అమెరికాలో స్థిరపడ్డ డచ్చివాళ్ళ దగ్గర ఇంగ్లీషు దాన్ని అరువు తెచ్చుకుంది. మన జర్మన్‌లో మైస్టర్ ఉందే, అది లాటిన్ నుంచి తెచ్చుకున్నది. ఇదేమో డచ్చి, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల సొంత మాట. పాత జర్మన్‌లో 'బాసా' అంటే మేనత్త. ఈ రెండూ చుట్టాలని కొందరు పండితులంటారు."

"ఖాయమేనా అండీ?"

"ఖాయం కాదు. మూలం తెలియదనేవాళ్ళూ ఉన్నారు. కానీ నాకిష్టం. మేనత్త అరుస్తుంది, పనులు చెబుతుంది. అన్నం వేళకి అందరూ వచ్చారో లేదో కూడా చూస్తుంది. నువ్వు వాళ్ళతో కలిసి తింటున్నావా?"

లేదు. అందరి డ్యూటీల పట్టీ రాసుకుంటూ నా బల్ల దగ్గరే తింటున్నాను.

మర్నాడు నా డబ్బా పట్టుకుని వాళ్ళ మధ్య కూర్చున్నాను. షబానా తెచ్చిన ఖట్టీ దాల్, ఆ పుల్లటి పప్పు చూసి, "కొంచెం వెయ్యవా?" అన్నాను.

"గిన్ని దినాలు యాడికి పోయినవ్? యల్లా, జల్ది తిను" అంటూ సగం నా అన్నంలో ఒంపేసింది. తర్వాత కూడా బాస్ అనే పిలిచేది, కానీ నవ్వుతూ.

జర్మన్ పరీక్ష ప్యాసయ్యాను. ఈ పనీ ఈ మనుషులూ నచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఆ సంగతి బెరుగ్గా చెబితే, "మంచిదే, నాకు టీకి తోడుంటావు" అన్నారు టీచరుగారు.

ఆవిడ సెలవుకి వెళ్ళే ముందు, చివరిసారి ఆవిణ్ణి నజ్మా పేటలో ఇంటికి బస్సెక్కించాను. ఊరికి పట్టుకెళ్ళే ఖర్జూరాల సంచి పక్క సీట్లోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, నిలబడ్డ ఒక నేపాలీ పనివాడికి చోటిచ్చారు. అద్దం వెనక ఆవిడ అతన్నేదో అడుగుతున్నారు. అతను చెప్పిన నేపాలీ మాటేదో తిరిగి పలుకుతున్నట్టు ఆవిడ పెదాలు కదిలాయి. సరిగ్గా రాలేదేమో, అతను తల అడ్డంగా ఊపి నవ్వాడు. ఆవిడ మళ్ళీ పలికారు. బస్సు మలుపు తిరిగింది.